ప్రార్థన పెట్టెతో నేను చేసిన సర్వే

ఆ రోజుల్లో "నువ్వేం చేస్తుంటావమ్మా?" అని ఎవరైనా అడిగితే నాకు ముచ్చెమటలు పట్టేవి. టీచరంటే అందరికీ తెలుసు, నర్సంటే తెలుసు, బ్యాంకంటే లేచి కుర్చీ కూడా వేస్తారు. ట్రైనింగ్ డిజైనరంటే మాత్రం ఎదుటివాళ్ల మొహంలో ఏదో జాలి కనిపించేది. గుడివాడలో ఉన్న మా పెద్దమ్మ (నా ఎంబీయే అంతా ఆవిడ ఇంట్లో, ఆవిడ చేతి వంట తింటూ చదివిందే) ఒక ఆదివారం పప్పులో నెయ్యి కలుపుకుంటూ తీరిగ్గా అడిగింది: "పాఠం చెప్పేది ఇంకొకరంటావు. నేర్చుకునేది ఇంకొకరంటావు. మధ్యలో నీకేం పనే?" పాఠం తయారుచేస్తాను పెద్దమ్మా అన్నాను. "అది పుస్తకాల్లో ఉంటుందిగా" అని ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను. చివరిదాకా చదివాక కూడా ఇదొక పనేనా అనిపిస్తే నా మొహం మీదే అనండి, తేల్చుకుందాం.

నా మొదటి ఉద్యోగం బందరు ఊరి బయట ఒక రొయ్యల ఫ్యాక్టరీలో. పొద్దున్నే అవనిగడ్డలో బయల్దేరిన కంపెనీ బస్సు చల్లపల్లి మీదుగా దివిసీమ ఊళ్ల ఆడవాళ్లందర్నీ ఎక్కించుకుని వచ్చేది. వాళ్లలో సగం మంది మా చర్చి కుటుంబాల వాళ్లు, సగం మంది సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి, వేటకెళ్లే మగవాళ్ల ఇళ్లలోంచి వచ్చేవాళ్లు. మోకాళ్ల దాకా గమ్ బూట్లు వేసుకుని, ఐసు నీళ్లలో చేతులు పెట్టి, రోజంతా నిలబడి రొయ్యలు ఒలిచేవాళ్లు. వీళ్లకి ఏ ట్రైనింగ్ కావాలో కనుక్కుని దాన్ని తయారుచేయడం నా పని. ఆరు నెలలు ప్రొబేషన్, ఆ తర్వాత నచ్చితే పర్మనెంటు. మా ఇంట్లో కంపెనీ ఉద్యోగం చేసిన మొదటి మనిషిని నేనే కాబట్టి మా అమ్మ అప్పటికే నా ఐడీ కార్డు వచ్చిన చుట్టాలందరికీ చూపించేసింది. కాఫీ ఇచ్చే ముందు కార్డు చూపించేది. అది పోతే నేను ఊళ్లో తలెత్తుకు తిరగలేనని నాకు గట్టి నమ్మకం.

నా పై అధికారి హెడ్డాఫీసులో, హైదరాబాదులో ఉండేవారు. పేరెందుకు గానీ నేను ఆయన్ని లోలోపల ఫార్మాట్‌గారు అనుకునేదాన్ని. ఏం చెప్పినా "ఫార్మాట్‌లో పెట్టి పంపండి" అనేవారు. (జ్వరమొచ్చి సెలవడిగితే, లక్షణాలు ఏ కాలమ్‌లో రాయాలో కూడా చెప్పారు.) నేను చేరేసరికే ఆయన మా ఆడవాళ్లకి ట్రైనింగ్ ఎంచేసి పెట్టారు: పాజిటివ్ థింకింగ్. తొంభై స్లైడ్లు, మొదటి స్లైడు మీద సూర్యోదయం. అయితే ముందు కార్మికుల్ని అడిగి, అవసరాలు తెలుసుకుని, ఆ తర్వాతే ట్రైనింగ్ ఎంచాలని కంపెనీ రూలు. "అందుకని సర్వే చేయండమ్మా" అన్నారు ఫోన్‌లో. "సర్వే చేస్తే పాజిటివ్ థింకింగ్ అని వస్తుంది." రాకపోతే ఏం చేయాలండీ అనడిగాను. "వస్తుంది" అన్నారాయన.

నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. చదివిందంతా నిజమనుకునే వయసు. ఎదురుగా నిలబడి అడిగితే ఎవరూ నిజం చెప్పరని, పేరు లేకుండా చీటీలు రాయించాలని, ఆ చీటీలు తాళమున్న పెట్టెలో వేయించాలని పుస్తకంలో ఉంది. ఫ్యాక్టరీలో పెట్టె అడిగితే థర్మాకోల్ డబ్బా ఇచ్చారు. అది ఎన్నిసార్లు కడిగినా రొయ్యల వాసన పోలేదు. ఆ ఆదివారం చర్చిలో కూర్చుని వాక్యం వినాల్సింది పోయి, గుమ్మం పక్కనున్న ప్రార్థన పెట్టెకేసే చూస్తూ కూర్చున్నాను. మా నాన్న అవనిగడ్డ దగ్గర ఒక ఊళ్లో పాస్టరు. ఆ టేకు పెట్టెలో జనం తమ ప్రార్థన మనవులు రాసి వేస్తారు, ఆయన వారానికోసారి తాళం తీసి, చదివి, ఒక్కొక్కరి కోసం ప్రార్థన చేస్తారు. పైన సన్నటి కంత, ముందు చిన్న ఇత్తడి తాళం. నాకు కావలసిన పెట్టె సరిగ్గా అదే. ఆరాధన అయ్యాక నాన్నని అడిగాను.

"తీసుకెళ్లమ్మా" అన్నారు. "కానీ దీనికో పద్ధతుంది. ఇందులో పడ్డ కాగితం చదవకుండా పారేయకూడదు. ఎవరు రాశారో ఎవరికీ చెప్పకూడదు."

"అది చర్చి పద్ధతి నాన్నా. మాది కంపెనీ."

"పెట్టె ఒకటేగా" అని తాళంచెవి నా చేతిలో పెట్టారు.

పెట్టె ముందున్న సిలువ కనపడకుండా చార్ట్ పేపరు అంటించి, దాని మీద "మీకు ఏం కావాలో రాసి ఇందులో వేయండి, పేరు అక్కర్లేదు" అని స్కెచ్ పెన్నుతో అందంగా రాశాను. చుట్టూ పువ్వులు కూడా వేశాను. క్యాంటీన్‌లో చేతులు కడుక్కునే చోట పెట్టి, పక్కనే చీటీలు, పెన్ను వేలాడదీశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. నేను మరిచిపోయిన సంగతి ఒక్కటే. ఒక క్రిస్మస్‌కి కొవ్వొత్తి పడి ఆ పెట్టె మూత మూల నల్లగా కాలింది. దివిసీమలో ఆ మూల చూసి పెట్టెని గుర్తుపట్టని మనిషి లేదు. పాస్టరు అయ్యగారు తన కూతురి చేత ప్రార్థన పెట్టెని కంపెనీకే పంపించారని బస్సంతా చెప్పుకున్నారట.

ఆ బస్సుకి పెద్ద దిక్కు కేకల పిన్ని. హాలు ఈ చివర నుంచి ఆవిడ ఒక్క కేక వేస్తే ఆ చివరున్న ఫ్యాన్లు కూడా ఆగుతాయని ఆ పేరు. భర్త వేటకెళ్తాడు, ఇంట్లో వేంకటేశ్వరస్వామి పటం, మెళ్లో పసుపు తాడు. అలాంటి పిన్ని మొదటి రోజు చీటీ మడిచి, పెట్టెని రెండు చేతులా తాకి, కళ్లకద్దుకుని మరీ లోపల వేసింది. ఆవిడ వెనక నిలబడ్డవాళ్లంతా అలాగే చేశారు. కొందరు తలమీద కొంగు కూడా వేసుకున్నారు. దూరం నుంచి అది చూసి నా కళ్లు చెమర్చాయి. ట్రైనింగ్ అంటే వీళ్లకి ఎంత గౌరవం అనుకున్నాను! (నవ్వండి, పర్వాలేదు. నేను కూడా ఇప్పుడు నవ్వుతున్నాను.)

మూడు రోజులకి పెట్టె నిండిపోయింది. స్టోరు గది మూల నాకిచ్చిన బల్ల మీద దాన్ని తెరిచి మొదటి చీటీ విప్పాను. "అయ్యగారికి వందనాలు. నా కుడి మోకాలి గురించి ప్రార్థించగలరు." రెండోది: "మా సూపర్‌వైజరు గారి మనసు మెత్తబడులాగున." మూడోది: "బస్సు డ్రైవరు చల్లపల్లి మలుపులో నిదానముగా తోలులాగున." ఇంకొకటి: "రెండోసారి బాత్రూముకు పంపించే దయ కలుగులాగున." ఒకావిడ నిజాయితీగా రాసింది: "మాది మీ మతం కాదు. అయినా పెట్టె మంచిదని చెప్పారు. మా ఆయన వేట నుంచి క్షేమంగా రావాలి." నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కాళ్లూ చేతులూ ఆడలేదు. శుక్రవారానికి రిపోర్టు పంపాలి. నా దగ్గర ఉన్నది డెబ్బై ఎనిమిది ప్రార్థన మనవులు. పాజిటివ్ థింకింగ్ కావాలని ఒక్క ప్రాణి కూడా దేవుణ్ని అడగలేదు.

చీటీలు విప్పుతూ పోతుంటే ఏడింటిలో ఒకే సంగతి కనిపించింది. వేరు వేరు రాతలు, వేరు వేరు మాటలు. వాటిలో ఒకటి నాకు ఇప్పటికీ అక్షరం తప్పకుండా గుర్తుంది: "సైరను మోగితే ఎటు పరిగెత్తాలో చూపించు ప్రభువా. వెనక తలుపుకి తాళం వేశారు." మెల్లిగా ఆరా తీస్తే తెలిసింది. రొయ్యల్ని గడ్డకట్టించడానికి వాడే అమ్మోనియా గ్యాసు నేను చేరకముందు ఒక మధ్యాహ్నం కొంచెం లీకైందట. అది కొంచెమైనా కళ్లూ గొంతూ మండిపోతాయి. అందరూ వెనక తలుపు దగ్గరికి పరిగెత్తి, తాళం చూసి, మళ్లీ వెనక్కి తిరిగి ఒకరి మీద ఒకరు పడుతూ ముందు గేటుకి చేరారట. రొయ్యలు బయటికి పోతున్నాయన్న అనుమానంతో ఆ తాళం వేశారు. లీకు ఆగింది, ఎవరికీ ఏమీ కాలేదు, ఆఫీసు కాగితాల్లో అది "స్వల్ప వాసన" అయింది. తాళం మాత్రం అలాగే ఉంది.

చదవకుండా పారేయకూడదన్నది పెట్టె పద్ధతి. కాబట్టి మొండిగా అన్నింటినీ ఫార్మాట్‌లోకి ఎక్కించాను. అందులో ప్రతి అవసరాన్నీ నాలెడ్జి, స్కిల్లు, యాటిట్యూడు అనే మూడు కాలమ్స్‌లో ఏదో ఒకదాంట్లో పెట్టాలి. బాగా ఆలోచించి మోకాళ్లని స్కిల్లు కింద, బాత్రూముని నాలెడ్జి కింద పెట్టాను. శనివారం ఫోనొచ్చింది.

"ఏంటమ్మా ఇది? సూపర్‌వైజర్ మనసు మెత్తబడాలి అని ఉంది. అది ఎవరి యాటిట్యూడు?"

"సూపర్‌వైజర్‌దండి."

"మనం ట్రైనింగ్ ఇచ్చేది వర్కర్లకి కదా!"

"అవసరం ఆయనకుందండి."

"ఆ తాళం సంగతి ట్రైనింగ్ కిందికి రాదు, తీసేయండి. మిగతావన్నీ కలిపి పాజిటివ్ థింకింగ్ అని రాయండి. వచ్చే గురువారం మధ్యాహ్నం రెండు గంటల సెషన్" అని పెట్టేశారు. తీసేయండి అనగానే తాళమే తీసేయమన్నారనుకుని నాకు ఎంత ఆశ కలిగిందో, రిపోర్టులో మాట తీసేయమన్నారని అర్థమయ్యాక అంత కోపమొచ్చింది. నేను ఆ మాట తీయలేదు. రిపోర్టు అలాగే పంపించాను, ఒక కాపీ ప్లాంటు మేనేజరుగారికి కూడా పెట్టాను. ధైర్యం అనుకోకండి, అప్పటికి నాకు కంపెనీల సంగతి తెలియదు.

సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళ మేనేజరుగారు పిలిపించారు. ఆయన కేకలేసే మనిషి కాదు. చల్లగా మాట్లాడతారు, అదే భయం. విషయం ఊహించి నేను చీటీలన్నీ క్యారేజీ పై గిన్నెలో కుక్కి, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"తాళం గురించి రాసిందెవరమ్మా?"

"పేర్లు లేవండి."

"పర్వాలేదు, చీటీలివ్వండి. రోజూ హాజరు పట్టీ చూస్తాను, అందరి రాతా నాకు తెలుసు."

"చీటీలు నా దగ్గర లేవండి."

పాస్టరు కూతుర్ని, భోజనం ఒళ్లో పెట్టుకుని పచ్చి అబద్ధం ఆడాను. ఆ పాపానికి ఇప్పటిదాకా క్షమాపణ అడగలేదు, అడిగే ఉద్దేశం కూడా లేదు.

"వచ్చే నెల మీ కన్ఫర్మేషన్ ఉన్నట్టుంది" అన్నారాయన పేపర్‌వెయిట్ తిప్పుతూ.

"ఉందండి."

"ఆలోచించుకోండి."

"ఆలోచించుకున్నానండి" అని లేచొచ్చేశాను. గుమ్మం దాటాక మోకాళ్లు వణికాయి. మోకాలి చీటీ రాసినావిడ బాధ అప్పుడు బాగా తెలిసింది.

సాయంత్రం ఇంటికెళ్లి చూస్తే కింద గిన్నెలో గోంగూర నూనె పైకెక్కి చీటీలన్నీ తడిసిపోయాయి. నాన్న వాటిని ఒక్కొక్కటీ విడదీసి దండెం మీద ఆరేసి, చదువుకుంటూ ఆ చివర నుంచి ఈ చివరికి నడిచారు. మోకాలికీ, డ్రైవరుకీ, వేటకెళ్లిన మనిషికీ అందరికీ ప్రార్థన చేశారు. తాళం చీటీల దగ్గర ఆగి, "ఇది నాకొచ్చింది కాదమ్మా, నీకొచ్చింది" అన్నారు. అమ్మ మాత్రం వంటింట్లోంచి "ఆ ఐడీ కార్డు పోయిందంటే మాత్రం నేను ఊరుకోను" అంది. నాకు ఏడుపొకటే తక్కువ. నిజం చెప్పాలంటే ఆ రెండు రోజులూ ఉద్యోగం కాపాడుకోవడానికి సూర్యోదయం స్లైడు ముందు నిలబడి ఎలా మాట్లాడాలో అద్దంలో చూసి ప్రాక్టీసు కూడా చేశాను. చేస్తున్నంతసేపూ నా మొహం నాకే నచ్చలేదు.

గురువారం రొయ్యలు ఒలిచే పీలింగ్ హాల్లో అరవై మంది నిలబడ్డారు. ముఖ్య అతిథిగా మేనేజరుగారిని పిలిచాను. ఆయన వచ్చారు, బహుశా నేను దారికొచ్చాననుకుని. మొదటి స్లైడు వేశాను, సూర్యోదయం వచ్చింది. ఆడవాళ్లు మర్యాదగా చూశారు. (రోజూ సముద్రం మీద సూర్యోదయం చూసేవాళ్లు.) అక్కడే ప్రొజెక్టరు ఆపేశాను. "ఇప్పుడు సైరను మోగిందనుకుందాం. కంప్రెసర్ గదిలో గ్యాసు లీకైంది. పాజిటివ్‌గా ఆలోచించి అందరం బయటికి వెళ్దాం. ఎటు?" అన్నాను. గోడ మీద బొమ్మలో బాణం గుర్తు ముందు గేటుకి ఉంది. ఎవరో అటు చూపించారు.

"అటెందుకే!" అని కేకల పిన్ని కేక. "మధ్యాహ్నం పూట సముద్రం గాలి ఆ కంప్రెసర్ గది మీంచి తిన్నగా గేటు మీదికే కొడుతుంది. గేటు దగ్గర నిలబడితే ఘాటంతా మన మొహానికే. ఆ రోజు దగ్గుకుని దగ్గుకుని చచ్చాం. గాలికి అడ్డంగా పోవాలి. మా ఇళ్లల్లో పసిపిల్లలకి కూడా తెలుసు పాపా, గాలి చూడకుండా పడవ కూడా తియ్యం."

ఆ బాణం గీసినవాళ్లు గాలి ఎటు వీస్తుందో చూడలేదు. నేను ఎంబీయేలో చదవని పాఠం అది. "అయితే గాలికి అడ్డంగా పోయే దారేది పిన్నీ?" అన్నాను. అరవై చేతులు వెనక తలుపుకేసి లేచాయి. "పదండి. సార్, మీరు కూడా మాతోనే." అంతమంది చూస్తుండగా ఆయన కాదనలేకపోయారు.

తలుపుకి అడ్డంగా ఉన్న క్రేట్ల వరసని ఆడవాళ్లు చిటికెలో పక్కకి లాగేశారు. తలుపు కనిపించింది. తాళం కనిపించింది. మేనేజరుగారు తాళంచెవి తెమ్మన్నారు. అది స్టోర్‌కీపరు దగ్గర ఉంది. స్టోర్‌కీపరు బావమరిది పెళ్లికి గుడివాడ వెళ్లాడు. తాళంచెవుల గుత్తి ఆయన మొలతాడుకి ఉంటుందని అందరికీ తెలిసిందే. ఫోను చేస్తే స్విచాఫ్. మేనేజరుగారు మళ్లీ చేశారు. మళ్లీ చేశారు. అరవై మందిమి ఆయన చుట్టూ, ఆ చలి హాల్లో, తాళం వేసిన తలుపు ముందు నిలబడ్డాం. అప్పుడు కేకల పిన్ని మొదటిసారి మెల్లగా మాట్లాడింది.

"ఇప్పుడు పాజిటివ్‌గా ఏం ఆలోచించమంటారు సారూ?"

ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత హాలంతా ఘొల్లుమంది. ఆయన నవ్వలేదు. తాళం వైపు చూశారు, మా అందరి వైపు చూశారు, అంత చలిలో నుదురు తుడుచుకున్నారు. ఆయన భయపడ్డారు. మనిషిగా ఆయన నాకు నచ్చింది ఆ ఒక్క నిమిషమే. ఫిట్టర్ని పిలిచి రంపం తెమ్మన్నారు. ఆ తాళం తెగేదాకా అందరం కదలకుండా విన్నాం. తలుపు తెరుచుకోగానే సముద్రం గాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. మర్నాటికి దానికి లోపలినుంచి నెడితే తెరుచుకునే గడియ పెట్టించారు, గోడ మీద బాణాన్ని ఇటు తిప్పించారు.

ఫార్మాట్‌గారికి హాజరు పట్టీ వెళ్లింది. పాజిటివ్ థింకింగ్ సెషన్‌కి అరవైకి అరవై మంది హాజరు, ఒక్కరు కూడా మధ్యలో వెళ్లలేదు (వెళ్లడానికి దారేదీ!). ఆయన నన్ను మెచ్చుకుంటూ మెయిల్ పెట్టారు. ఆ తర్వాత ఎవరో ఆయనకి సంగతంతా చెప్పినట్టున్నారు. నెల తిరిగేసరికి కన్ఫర్మేషన్ బదులు వేరే ఉత్తరం వచ్చింది. అందులో నా గురించి "సూచనలు పాటించడంలో శిక్షణ అవసరం" అని ఉంది. అది నాలెడ్జా, స్కిల్లా, యాటిట్యూడా అని అడుగుదామనుకున్నాను గానీ అడగలేదు. ఐడీ కార్డు గేటు దగ్గర ఇచ్చేసి, బందరు బస్టాండులో బస్సెక్కి, చల్లపల్లి దాకా కిటికీకేసి తిరిగి ఏడ్చాను. అమ్మ వారం రోజులు చుట్టాలెవర్నీ రానివ్వలేదు.

మళ్లీ ఏడాదికేమో, అవనిగడ్డ మార్కెట్‌లో వెనకనుంచి ఒక కేక వినపడితే కూరగాయల వాళ్లందరూ తిరిగి చూశారు. పిన్ని. నా చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్లింది.

"మా మూలంగానే నీ ఉద్యోగం పోయిందంట కదే?"

"లేదు పిన్నీ, నేనే మానేశాను." (రెండో అబద్ధం. దీనికి కూడా క్షమాపణ అడగను.)

ఆవిడ నమ్మలేదు. కాసేపు నా మొహం చూసి అంది: "ఎవరైనా కొత్తపిల్ల పనిలో చేరితే గ్లౌజులు ఇవ్వకముందే నేను ఆ తలుపు దగ్గరికి తీసుకెళ్తాను. దాని చేత్తోనే నెట్టిస్తాను. తెరుచుకుంటే, అప్పుడు పోయి రొయ్యలు ఒలుచుకోమంటాను. ఎవరూ చెప్పమన్లేదు. మేనేజరు మారాడు, సూపర్‌వైజరు మారాడు. నేను నెట్టిస్తూనే ఉన్నాను."

మా వృత్తిలో ట్రైనింగ్ పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి మూడు నెలల తర్వాత నింపే ఫారాలుంటాయి. ఆ తర్వాత అలాంటివి కట్టలు కట్టలుగా నింపాను, నింపించాను. పిన్ని ఆ రోజు మార్కెట్‌లో వంకాయల బుట్ట పక్కన నిలబడి చెప్పిన మాటకి సరితూగే ఫారం నాకు ఇంతవరకు దొరకలేదు. పెద్దమ్మ ఇప్పుడు లేదు గానీ ఉంటే చెప్పేదాన్ని: మధ్యలో నా పని అదీ అని.

ఇప్పుడు నాకు బెజవాడలో సొంత ఆఫీసుంది, ఆరుగురు పనిచేస్తారు, నాకూ ఒక ఫార్మాట్ ఉంది. కంపెనీలవాళ్లు అడిగితే "తప్పకుండా సార్" అనడం బాగా వచ్చింది. నిరుడు ఎవరో పాజిటివ్ థింకింగ్ కావాలంటే ఎన్ని స్లైడ్లండీ అని అడిగి, నాలుక కరుచుకున్నాను. క్యారేజీ ఒళ్లో పెట్టుకుని "ఆలోచించుకున్నానండి" అని లేచొచ్చిన ఆ పిల్ల గుర్తొస్తే నాకు జాలేమీ కలగదు, కాస్త అసూయగా ఉంటుంది. అంత గబుక్కున ఇప్పుడు లేవలేను. ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా వెనక తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడిగే ముందు కాఫీ తాగుతాను, నాలుగు మంచిమాటలు చెబుతాను, మెయిల్ రాసి నలుగురికి కాపీ పెడతాను. అడగడం మాత్రం మానలేదు.